ఇంటివైపు తిప్పిన గొట్టం

బందరు పరాసుపేటలో మేముండే అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, కూతురింట, పిచ్చేశ్వరరావు అనే పెద్దమనిషి నాలుగేళ్ళుగా ఉంటున్నాడు. వయసు డెబ్బయి దాటింది. దివిసీమలో కోడూరు మొదలు అవనిగడ్డ దాకా పాతతరం వాళ్ళలో ఆయనను ఎరుగనివారు తక్కువ. అయితే వారెరిగినది వట్టి పిచ్చేశ్వరరావును కాదు, మైకు పిచ్చేశ్వరరావును. పెళ్ళి గాని, దేవుడి కల్యాణం గాని, ఎన్నికల సభ గాని, పద్యనాటకం గాని, ఆయన మైకు సెట్టు వచ్చి దిగితేనే ఆ పని మొదలైనట్టు జనం భావించేవారు.

ఆ వృత్తిలో ఆయన నేర్పంతా గొట్టాలు కట్టడంలో ఉండేది. వెడల్పు నోటి అల్యూమినియం గొట్టాలవి. సర్వీ బాదులు, అంటే సరుగుడు గుంజలు, దొరికితే వాటికి, లేకుంటే తాటిచెట్టుకు, తానే ఎక్కి కొబ్బరి తాడుతో కట్టేవాడు. కట్టేముందు పందిరి చుట్టూ ఒకసారి తిరిగి, గాలి ఎటునుంచి వీస్తున్నదో, ఏ దిక్కున ఏ ఊరున్నదో, నడుమ ఎన్ని తోటలు అడ్డం వస్తాయో చూసుకొనేవాడు. ఒక్క గొట్టమైనా పందిరిలోకి తిప్పేవాడు కాదు. పందిట్లో కూర్చున్నవాడు ఎలాగూ వచ్చాడు, వాడికి కొత్తగా చెప్పేదేముంది, రానివాడికి వినబడాలి గాని, అన్నది ఆయన సిద్ధాంతం. వరిచేలమీదుగా ఆ పాట మూడు మైళ్ళు సాగిపోయేది. రావద్దనుకున్నవాడు సైతం తువ్వాలు భుజాన వేసుకొని బయలుదేరేవాడు.

నాలుగు గొట్టాలలో మూడింటి దిక్కు ఊరిని బట్టి మారేది. నాలుగోది మాత్రం ఎక్కడ కట్టినా తన ఇంటివైపే తిరిగి ఉండేది.

దానికి కారణం ఉప్పెన. డెబ్బయ్యేడు నవంబరులో ఉప్పెన వచ్చేనాటికి ఆయనకు పెళ్ళయి ఆరు నెలలు. ముందురోజు సాయంత్రం మూడు మైళ్ళ దూరాన ఒక పల్లెలో పెళ్ళికి మైకు పెట్టడానికి వెళ్ళి, గాలి ముదరడంతో అక్కడే చిక్కుబడ్డాడు. భార్య వెంకటరత్నమ్మ కోడూరు వైపున్న తమ ఊళ్ళో అత్తమామలతో ఉంది. నీళ్ళు వచ్చి తీసిన తరువాత మూడు రోజులపాటు ఆయన ఉన్నాడో లేడో ఆమెకు తెలియలేదు. ఆమె సంగతి ఆయనకూ తెలియలేదు. దారులన్నీ తెగిపోయి ఉండగా గట్లవెంట నడిచి నడిచి ఇల్లు చేరేసరికి ఆమె కూలిన గోడ మొండిమీద కూర్చుని ఉంది. లేచి ఎదురు రాలేదు, ఏడవనూ లేదు. మీ గొట్టం వినబడి వినబడి ఆగిపోయింది, అని మాత్రం అన్నది.

ఆనాటినుంచి ఒక గొట్టం ఇంటివైపు తిప్పడం ఆయనకు వ్రతమైపోయింది. పని దగ్గరి ఊళ్ళోనైనా సరే, పామర్రులోనైనా సరే, అంతకంటె ఎగువన పామిడిముక్కలలోనైనా సరే. అంత దూరం ఏం వినబడుతుందని ఎవరైనా నవ్వితే, గాలి మనదైతే పోతుందయ్యా, అనేవాడు. తిరిగి ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, వినబడిందా, అని అడిగేవాడు. వినబడింది, అని ఆమె అన్నం వడ్డిస్తూ చెప్పేది. దానితో ఆయన మనసు నిమ్మళించేది. అంతకు మించి చెప్పుకొనే అలవాటు ఆయనకు లేదు. ఊళ్ళన్నిటికీ వినిపించే పని చేసినవాడు ఇంట్లో నోరు విప్పడం అరుదు. ఎక్కడికి వెళ్ళాడో, అక్కడ ఏమి చూశాడో, ఎవరితో ఏ మాట వచ్చిందో భార్యకు ఏనాడూ చెప్పింది లేదు. గొట్టం తిప్పాను కదా, చెప్పినట్టే గదా, అనుకొనేవాడు.

కాలక్రమాన పెద్దపెద్ద సౌండు బాక్సులు వచ్చాయి. గొట్టాలు ఎవరికీ పట్టనివయ్యాయి. నాలుగేళ్ళ క్రిందట వెంకటరత్నమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట ముద్దగా అయి, క్రమంగా ఒకటి రెండు ముక్కలకు కుదించుకుపోయింది. కూతురు సునీత ఇద్దరినీ బందరు తెచ్చుకొంది. రెండు గదుల ఇల్లు. పదకొండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు గల హాలు. దాని పక్క గదిలో ఆమె మంచం. పడుకొన్నచోటినుంచి ఆమెకు కనబడేది పైన ఫ్యాను, తలుపు సందులో జానెడు హాలు.

మొన్నటి శ్రావణంలో ఆమెకు మింగడం కూడా కష్టమయింది. డాక్టరు చూసి, ఇక ఆసుపత్రులకు తిప్పవద్దు, ఇంట్లోనే కనిపెట్టుకొని ఉండండి, అన్నాడు. ఆ మాట విన్ననాటినుంచి పిచ్చేశ్వరరావుకు ఒకటే తపన. ఆమె పోయేలోగా ఆమెకు ఏదో చెప్పాలి. ఏమి చెప్పాలో తెలియదు. ఎలా మొదలుపెట్టాలో అంతకన్నా తెలియదు. మంచం పక్కన స్టూలు వేసుకొని గంటలకొద్దీ కూర్చునేవాడు. అమ్మాయి మందు వేసిందా, ఫ్యాను తగ్గించనా, అన్న రెండు మాటలూ అయ్యాక మూడోది దొరికేది కాదు. కాసేపు గోడ చూసి లేచి వచ్చేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటికి హోమ్ థియేటర్ సెట్టు వచ్చింది. అల్లుడు నాంచారరావుకు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు మెరుగుపెట్టే వర్క్‌షాపు ఉంది; పగలంతా మెషీన్ల హోరులో ఉండేవాడు, ఇంటికొచ్చాక చెవికింపుగా ఏదైనా వినాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. గుడివాడలో ఒక షాపులో ఎప్పుడో చెప్పి ఉంచినది ఇప్పుడు వచ్చింది. అత్తయ్యగారు ఇలా ఉండగా బాగుండదని అతడే పెట్టెలు మూలకు పెట్టాడు. సునీత కూడా వద్దనే అంది. విప్పమన్నవాడు పిచ్చేశ్వరరావే. ఎవరూ రానక్కరలేదు, తానే బిగిస్తానన్నాడు. మాటలతో చేరలేనిచోటికి ఇంకొక దారి దొరికిందని ఆయన ముఖంలో స్పష్టంగా కనబడింది.

అయిదు చిన్న స్పీకర్లు, ఒక బరువైన బాసు పెట్టె. స్పీకరు ఒకటి అరచేతిలో పెట్టుకొని, ఇదేం గొట్టమమ్మా, ఇటుకంత లేదు, అన్నాడు కూతురితో. షాపువాళ్ళు కాగితంమీద బొమ్మ గీసి ఇచ్చారు గాని ఆయన దానివంక చూడలేదు. రెండు రోజులు పట్టి, పురికొస తెచ్చి ముళ్ళు వేసి కొలిచి, కుర్చీ ఎక్కి దిగి, తన పద్ధతిలోనే పని పూర్తిచేశాడు. టీవీకి అటూ ఇటూ ఉండవలసిన రెండింటిలో ఒకదానిని బాల్కనీవైపు, ఇంకొకదానిని వీధి తలుపువైపు తిప్పాడు. మూడోది కూతురు పనిచేసుకొనే వంటింటికి. పొడుగ్గా ఉన్న నాలుగోది ఎందుకో తెలియక టీవీ క్రింద ముఖం గోడకు చేసి పడుకోబెట్టాడు. అయిదోది పడకగది గుమ్మంమీద మేకు కొట్టి, ముఖం లోపలికి వంచి, వెంకటరత్నమ్మ దిండుకు సూటిగా నిలిపాడు. బాసు పెట్టె బరువు గనుక నైరుతిలో ఉండాలని సునీత పట్టుబట్టింది. ఆ విషయంలో ఎవరూ కాదనలేదు. హాలు మధ్యనున్న సోఫావైపు ఒక్క స్పీకరూ చూడలేదు.

సాయంత్రం నాంచారరావు వచ్చి కూర్చుని ఒక సినిమా పెట్టాడు. వైర్లు ఒకదానివి ఒకదానికి తగిలి ఉండడంతో, తెరమీద నాయకుడు నోరు తెరిస్తే మాట వంటింట్లో వినబడింది. అతడు కొంతసేపు ఓర్చుకొని చూసి, "మావయ్యగారూ, సినిమా వీధిలోవాళ్ళు వింటున్నారు, మనం చూస్తున్నాం. రెండూ ఒకచోట పడితే బాగుండేదండీ," అన్నాడు. సునీతకు నవ్వు వచ్చింది. పిచ్చేశ్వరరావు ఆ మాట పట్టించుకోలేదు. అప్పటికే గదిలోకి వెళ్ళి భార్య ముఖం చూస్తున్నాడు. ఆమె కళ్ళు గుమ్మంవైపు తిరిగి ఉన్నాయి. ఆయనకు అది చాలు.

మరునాడు ఎదురింటావిడ, పిల్లకు పరీక్షలని, కొంచెం తగ్గించమని మర్యాదగానే చెప్పి వెళ్ళింది. నాంచారరావు గుడివాడ షాపుకు ఫోన్ చేశాడు.

వచ్చినవాని పేరు దైవాధీనం. నలభై అయిదేళ్ళవాడు, పనిలో నిదానం, మాటలో చురుకు. లోపలికి రాగానే వైర్లు చూడలేదు, టీవీ చూడలేదు. ఎవరు ఎక్కడ కూర్చుంటారండీ, అని అడిగాడు. పిచ్చేశ్వరరావు విస్తుపోయాడు. వినేవాడు ఎక్కడ కూర్చుంటాడన్న ప్రశ్న అర్ధ శతాబ్దపు వృత్తిలో ఆయనకు ఎదురుకాలేదు.

దైవాధీనం గుమ్మంమీది స్పీకరును చూసి నవ్వాడు. "ఇదెవరికి బాబాయ్, లోపల నిద్రపోయేవాళ్ళకా?"

"అవును," అన్నాడు పిచ్చేశ్వరరావు.

దైవాధీనం మెడ వంచి గదిలోకి చూసి, తరువాత నవ్వలేదు. టేపు తీసి సోఫా మధ్య సీటులో నాంచారరావును కూర్చోబెట్టి, అతని చెవి ఎత్తు కొలుస్తూ, విధానమంతా పెద్దాయనకు ఓపికగా వివరించాడు. ముందున్న రెండూ, వెనకున్న రెండూ, నడిమిదీ ఆ ఒక్క తలవైపే చూడాలి. చిన్న హాలులో అన్నీ సమదూరంలో పెట్టడం కుదరదు గనుక, దగ్గరున్నది ఒక రెప్పపాటు ఆగి పలికేట్టు, దూరంగా ఉన్నది ముందే పలికేట్టు లోపల అమర్చాలి. అయిదు చోట్లనుంచి బయలుదేరినవి ఒకేసారి చెవి చేరితేనే అది నిజమనిపిస్తుంది. జానెడు పక్కకు జరిగితే ఆ సుఖం ఉండదు. పిచ్చేశ్వరరావు శ్రద్ధగా విన్నాడు. పనివాడు పనివాణ్ణి గుర్తించిన గౌరవం ఆయన చూపులో ఉంది. అయినా చివరకు అడగవలసినది అడిగాడు.

"నాలుగు నీ ఇష్టం. గుమ్మంమీదది వదిలెయ్."

"ఒకటి వదిలితే అయిదూ చెడతాయి బాబాయ్. తెరమీద ఎవడో నడుస్తాడు, వాడి అడుగులు వీళ్ళ వెనక వినబడాలి. అవి పోయి అమ్మగారి గదిలో వినబడితే ఆవిడ దడుచుకోదూ?"

"అడుగులైనా వినబడతాయిగా," అన్నాడు ఆయన.

దైవాధీనం టేపు చుట్టుకొంటూ నిలబడి, చివరకు నాంచారరావువైపు తిరిగి, వినే చోటు అక్కడికి జరగదు గాని, మనిషిని ఈ చోటుకు తేవచ్చు కదండీ, అన్నాడు. నాంచారరావు ఒకసారి సోఫావంక చూసుకొన్నాడు. తరువాత లేచి, సోఫా బాల్కనీలో పెడదాం, అట్నుంచి పట్టండి, అన్నాడు.

మధ్యాహ్నానికల్లా మంచం హాలు నడుమకు వచ్చింది. స్పీకర్లు పడుకొన్న మనిషి చెవి ఎత్తుకు, రెండడుగులకు, దిగి స్టూళ్ళమీద కూర్చున్నాయి. దైవాధీనం మోకాళ్ళమీద వంగి ఒక్కొక్కదాని నుంచి వెంకటరత్నమ్మ దిండుదాకా కొలుస్తూ, అలవాటు చొప్పున, కదలకండమ్మా, అని, వెంటనే నాలుక కరచుకొన్నాడు. పిచ్చేశ్వరరావు తన పాత క్యాసెట్టు నుంచి ఫోనులోకి ఎక్కించుకొన్న పెళ్ళి సన్నాయి ఒకటి పెట్టమన్నాడు.

సన్నాయి మొదలయింది. మంచానికి దూరంగా గోడవద్ద నిలబడిన ఆయనకు అది సన్నగా, విడివిడిగా, ఎక్కడివక్కడే వినబడింది. ఇంతేనా అన్నట్టు చూశాడు. దైవాధీనం దిండు చూపించి, అక్కడ తల పెట్టి వినమన్నాడు. ఆయన వంగి, చెంపకు చెంప తగిలేంత దగ్గరగా, భార్య పక్కన తల ఆన్చాడు. అప్పుడు సన్నాయి ఎదుటనుంచి, డోలు పక్కనుంచి, ఆ రెంటికీ నడుమ తాను. ఇన్నేళ్ళ పనిలో పాట నడుమ నిలిచి వినడం ఆయనకు అదే మొదలు. సునీత అటు తిరిగి కళ్ళు తుడుచుకొంది.

"ఆపండి," అన్నది వెంకటరత్నమ్మ.

శబ్దం ఎక్కువైందేమోనని దైవాధీనం తగ్గించబోయాడు. ఆమె మళ్ళీ అదే మాట అంది. ఆపేశాడు. ఆమె కొంతసేపు ఊపిరి కూడదీసుకొంది. మాటలు ఒక్కొక్కటిగా, తడబడుతూ వచ్చాయి. ఒక్కొక్క మాటకు నడుమ ఆమె కళ్ళు మూసుకొని మళ్ళీ తెరిచేది.

"మీ గొట్టం... నాకు వినపళ్ళేదు. ఉప్పెన తర్వాత... ఊళ్ళో పెట్టినప్పుడే విన్నా. దూరం వెళ్తే... ఎప్పుడూ లేదు. ఉత్తినే చెప్పా."

పిచ్చేశ్వరరావు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. "మరి ఎందుకు చెప్పావే?"

"మీరు అడిగేది... అదొక్కటేగా."

దైవాధీనం సామాను సంచిలో సర్దుకొని చప్పుడు చేయకుండా గుమ్మం దాటాడు. నాంచారరావు అతణ్ణి సాగనంపే నెపాన మెట్లు దిగిపోయాడు. సునీత వంటింట్లోకి వెళ్ళింది.

"మాట్లాడండి," అన్నది వెంకటరత్నమ్మ.

"ఏం మాట్లాడను?"

"అక్కడ... ఏమైందో."

ఎక్కడ అని ఆయన అడగలేదు. స్టూలుమీది స్పీకరు ఒకటి తీసి నేలమీద పెట్టి, ఆ స్టూలుమీద తాను కూర్చున్నాడు. రెండుసార్లు గొంతు సవరించుకొన్నాడు. తరువాత పామర్రు, అన్నాడు. పామర్రులో ఒక పెళ్ళి, ఆ రోజు వాన. అక్కడినుంచి నెమ్మదిగా దారి దొరికింది.

ఆ సెట్టు మళ్ళీ పలకలేదు. మంచమూ హాలులోనే ఉండిపోయింది. సోఫా బాల్కనీలో వానకు తడిసి ఎండకు ఆరుతూ ఉన్నా నాంచారరావు ఒక్కమాట అనలేదు. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక పిచ్చేశ్వరరావు భార్య ఎడమచెయ్యి, పట్టు తెలిసే చెయ్యి, తన చేతిలోకి తీసుకొని చెప్పేవాడు. పెడనలో పెళ్ళివారు పెరుగు చాలలేదని విస్తళ్ళముందునుంచి లేచిపోతే, పెళ్ళికూతురి తాతగారు మైకు లాక్కొని వాళ్ళను ఊరంతటి ఎదుట పేరుపేరునా బతిమాలడం. నాగాయలంకలో తెల్లవారుజామున రాజు వేషగాడు సింహాసనంమీదే నిద్రపోతే, ఆ గురక మైకులోపడి పొరుగూరిదాకా పోవడం. ఎన్నికల సభలో ఉపన్యాసం సాగుతుండగా ఒక దున్నపోతు గొట్టం క్రిందికి వచ్చి అరవడం, జనం దానికే చప్పట్లు కొట్టడం. వెంకటరత్నమ్మ సగం పెదవితో నవ్వేది. నచ్చినచోట చేతిని ఒకసారి నొక్కేది. అది, ఆగవద్దని అర్థం. ఒక్కొక్కనాడు, నేను వస్తే బాగుండేది, అని కళ్ళతో అన్నట్టుండేది. ఆయన అప్పుడు, నిన్ను తీసుకెళ్ళవలసింది, అని ఒప్పుకొనేవాడు. సునీత మిక్సీ ఆపి వంటింటి గుమ్మంలో నిలబడి వినేది. తండ్రి గొంతు అంతసేపు వినడం ఆమెకూ కొత్తే. ఆయనకు ఇక భయమంతా ఒకటే, చెప్పవలసిన ఊళ్ళు ఎన్నో మిగిలి ఉన్నాయి, రోజులు మిగిలి లేవు. అందుచేత అన్నం కూడా త్వరగా ముగించి వచ్చి కూర్చునేవాడు.

ఇలా పంతొమ్మిది రోజులు.

ఇరవయ్యోనాడు మధ్యాహ్నం పులిగడ్డ అవతల లంకలో జరిగిన పెళ్ళి సంగతి చెబుతున్నాడు. ఏటిపాయ నిండుగా ఉంది. చిన్న పడవలో ఒకవైపు ఆంప్లిఫయరు, ఒకవైపు బ్యాటరీ, నడుమ నాలుగు గొట్టాలూ వాటిని పట్టుకొని తాను. నడిమధ్యకు వచ్చేసరికి పడవలోకి నీళ్ళు రాసాగాయి. సామాను తడిస్తే అవతల పెళ్ళి మూగదవుతుంది. పడవవాడు నీళ్ళు తోడుతున్నాడు, తాను బ్యాటరీని ఎత్తి నెత్తిన పెట్టుకొన్నాడు. ఈ ఘట్టంలో ఆమె చేతిని నొక్కుతుందని ఆయన అనుకొన్నాడు. నొక్కలేదు. నిద్ర పట్టిందేమోనని ముఖం చూశాడు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. చేతిలోని చెయ్యి బరువెక్కి ఉంది.

తెలిసింది. ఏ మాట దగ్గర పోయిందో, పడవ ఎక్కడం విన్నదో లేదో, నీళ్ళు రావడందాకా ఉన్నదో లేదో, అది మాత్రం తెలియలేదు. సునీత వంటింట్లో ఉంది. పిలిస్తే పలికేంత దూరం. ఆయన పిలవలేదు. పడవ ఇంకా ఏటి మధ్యనే ఉంది.

గొంతు తగ్గించకుండా, తొందరపడకుండా, మిగిలినది చెప్పాడు. పడవవాడు ఏమన్నాడో చెప్పాడు. ఒడ్డున పెళ్ళివారు మొలలోతు నీళ్ళలోకి దిగి సామాను అందుకోవడం చెప్పాడు. ఏదీ తడవలేదని, పీటలమీద పెళ్ళికూతురు పొట్టిదని, తలంబ్రాలు పోయడానికి చెయ్యి అందక ఎవరో ఆమెను ఎత్తి పట్టుకొన్నారని చెప్పాడు. పెళ్ళి అయ్యేదాకా చెప్పి, అప్పుడు సునీతను పిలిచాడు.